ఎడమ పక్క

నేను ఒక కుక్కి మంచాన్ని. నులక మంచాన్నని గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ నా మీద నడుం వాల్చినవాళ్ళంతా లేచేటప్పుడు పెట్టిన పేరు కుక్కి మంచమే. కాళ్ళుగా నాలుగు తుమ్మ కోళ్ళు, వాటిని కలుపుతూ నాలుగు వేప పట్టెలు, మధ్యలో జనుపనార నులక. ఇంతే నేను. నిలబడి ఉన్నప్పుడు మనుషులు ఎన్నో చెప్తారు. పడుకున్నాక ఏమీ చెప్పరు. నాకు తెలిసిందల్లా ఆ చెప్పని సంగతులే.

పొదిలి అవతల ఒక పల్లెలో, విరిగిపోయిన ఎద్దుబండి కర్రతో ఒక వడ్రంగి నన్ను చేశాడు. మొదట పొగాకు కాల్చే కొట్టం, బేరన్ దగ్గర కాపలా మనిషి నా మీద పడుకున్నాడు. పడుకున్నాడనడం కూడా తప్పే. మంట తగ్గితే ఆకు పాడవుతుందని గంటకొకసారి లేచేవాడు. నిద్రపోని మనిషిని రెండేళ్ళు మోశాను. తర్వాత రోడ్డు మీద టీకొట్టుకు పోయాను. "పట్టె మీద కూర్చోబాకండయ్యా, విరుగుద్ది" అని కొట్టాయన రోజూ అరిచేవాడు. అరిచి అరిచి అలిసిపోయి తనూ పట్టె మీదే కూర్చునేవాడు. నులకంతా తెగి వేలాడుతుంటే ఒకరోజు నన్ను పొయ్యిలో పెట్టడానికి గొడ్డలి తీశాడు. ఆ సమయానికి పిచ్చయ్య వచ్చాడు కాబట్టి ఈ మాటలు చెప్పడానికి మిగిలాను.

పిచ్చయ్యది మంచాలల్లే పని. నులక చుట్ట భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతాడు. నన్ను తన ఇంటికి మోసుకుపోయి, జనుపనార నానబెట్టి, తనే పేని, రెండు రోజులు కూర్చుని అల్లాడు. ఆ అల్లిక మీద రూపాయి బిళ్ళ వేస్తే ఎగిరేది. అలాంటి మనిషి ఇంట్లో ఉండి నేను కుక్కి పడ్డాను. ఎందుకు పడ్డానో చెప్పాలి.

ఆ ఇంట్లో నలుగురు. పిచ్చయ్య. చనిపోయిన ఆయన కొడుకు భార్య తిరపతమ్మ. ఆమె కొడుకు మాల్యాద్రి, ట్రాక్టరు తోలతాడు. మాల్యాద్రి భార్య వజ్రమ్మ.

వజ్రమ్మకి మొదటిసారి కడుపు వచ్చినప్పుడు నన్ను ఆమెకిచ్చారు. ఏడో నెలలో నడుం నొప్పి అంటే, పిల్ల సుఖంగా పడుకుంటుందని పిచ్చయ్య నా కాళ్ళవైపు తాళ్ళు లాగి బిగించాడు. ఎనిమిదో నెలలో బిడ్డ పోయింది. బిడ్డ మెడకి బొడ్డుపేగు రెండు చుట్లు తిరిగి ఉందని మంత్రసాని చెప్పింది. అసలు ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు. తెలియదని ఊరుకోవడం మనుషులకి చేతకాదు. తిరపతమ్మ రెండు కారణాలు కనిపెట్టింది.

ఒకటి, వజ్రమ్మ నిద్రలో దొర్లింది. కడుపుతో ఉన్న మనిషి ఈ పక్క నుంచి ఆ పక్కకి తిరగాలంటే లేచి కూర్చుని, అప్పుడు తిరిగి పడుకోవాలి. పడుకునే దొర్లితే పేగు మెడకి చుట్టుకుంటుంది. ఇది ఆ ఊళ్ళో అందరూ నమ్మే మాటే.

రెండోది ఆమె సొంత మాట. "కడుపుతో ఉన్న ఇంట్లో తాడు బిగించాడు. ఇంట్లో తాడు బిగిస్తే కడుపులో పేగు బిగవదా?"

ఒక్కసారే అంది ఆ మాట. పిచ్చయ్యకి ఒక్కసారి చాలింది. ఆ తర్వాత మూడేళ్ళు ఊరందరి మంచాలూ బిగించాడు గానీ, నన్ను వేలితో ముట్టుకోలేదు. నేను వదులై, మధ్యలో దిగిపోయి, ఉయ్యాలలాగా వేలాడాను.

ఆ ఉయ్యాలలోకి వజ్రమ్మ మళ్ళీ కడుపుతో వచ్చింది.

ఎనిమిదో నెల వచ్చేసరికి ఆమెకి ఏ తీరుగానూ నిద్ర పట్టేది కాదు. తలకింద ఎత్తు పెట్టుకుంటే మెడ నొప్పి. తీసేస్తే గుండెల్లో మంట. కాళ్ళకి పిక్కలు పట్టేసేవి. గోడకానుకుని కూర్చుని కునికేది. ఆ వారం నర్సమ్మ వచ్చింది. పేరు ఎస్తేరమ్మ, మంచి మనిషి, ఎప్పుడూ బస్సుకి తొందర. గడపలో నిలబడే రక్తం మాత్రలు ఇచ్చి, పరుగెత్తబోతూ అంది. "ఎడమ పక్కనే పడుకోవాలి వజ్రమ్మా, మర్చిపోవద్దు. అత్తా, నువ్వు చూస్కో."

ఎవరూ మర్చిపోలేదు. అదే వచ్చిన చిక్కు.

"ఎడమ పక్కంట," అంది తిరపతమ్మ సాయంత్రం కొడుకుతో. "ఎడమ పక్కంటే ఏది? ఇంట్లోకొచ్చేటప్పుడు ఎడమా, బయటికి పొయ్యేటప్పుడు ఎడమా?"

మాల్యాద్రి చెయ్యి కడుక్కుంటూ ఆలోచించాడు. "వచ్చేటప్పుడేలే అమ్మా. బయటికి పొయ్యేటోడు పడుకోడుగా."

"ఆ కాస్త తెలివి మీ నాయనకుంటే బాగుండు."

పక్క అంటే వాళ్ళ ఇంట్లో పరుపు, మంచం, బొంత. పక్క వెయ్యి, పక్క తియ్యి అనేదే రోజూ వినే మాట. ఎడమ పక్క అంటే ఎడమవైపు వేసిన పక్క. అంతకంటే ఇంకేముంటుంది? కుడి గోడ దగ్గర గాలి తగిలేచోట ఉన్న నన్ను తెచ్చి ఎడమ గోడ దగ్గర, బస్తాల మధ్య వేశారు. అంతటితో తిరపతమ్మకి తృప్తి కలగలేదు. మంచంలోనూ ఎడమ ఉంటుంది కదా అనిపించింది. "మధ్యలోకి రాబాకే. ఈ పట్టె వారనే ఉండు. కదలబాకు," అంది కోడలితో.

వదులు మంచంలో వారన పడుకోవడం నీళ్ళ మీద పడుకోవడంలాంటిది. వజ్రమ్మ వెల్లకిలా పడుకుని పట్టెని పట్టుకునేది. కన్ను మూతపడగానే నా గుంట ఆమెని మధ్యలోకి లాగేది. దొర్లుతున్నానని గుండె ఝల్లుమని లేచేది. లేచి కూర్చుని, కడుపు తడుముకుని, మళ్ళీ వారకి జరిగేది. పది సార్లు, పదిహేను సార్లు. నాలుగో రోజు పాత చీర పేలిక ఒకటి తెచ్చి, ఎడమ చేతి మణికట్టుకి ఒక కొస, నా పట్టెకి ఒక కొస కట్టుకుంది. నిద్రలో తిరగకుండా.

బేరన్ కాపలా మనిషిని చూశాను గానీ, తనకి తానే కాపలా కాసుకునే మనిషిని అప్పుడే చూశాను.

అలా వెల్లకిలా పడుకున్న కాసేపటికి ఆమెకి చెమటలు పట్టేవి. కళ్ళు తిరిగేవి. ఊపిరి చాలక నోరు తెరిచేది. నీరసమనుకుని అత్త గంజి కాచి పోసేది. నిజానికి తిరపతమ్మ కోడలిని కంటికి రెప్పలా చూసింది. చెప్పిందల్లా చేసింది. తప్పు చేసేవాడిని ఆపొచ్చు. శ్రద్ధగా తప్పు చేసేవాళ్ళని ఎవరాపుతారు?

లోపలి బిడ్డ తన్నితే ఆ అదురు వజ్రమ్మ వీపు గుండా నా తాళ్ళకి వచ్చేది. పొద్దునపూట రెండు మూడు తన్నులు, అన్నం తిన్నాక బాగా. నేను లెక్క నేర్వలేదు గానీ, తగ్గుతున్నదని తెలుస్తూనే ఉంది. నోరుంటే అరిచేదాన్ని. నాకున్నది కిర్రుమనడమొక్కటే. కిర్రుమన్నప్పుడల్లా తిరపతమ్మ "ఈ కుక్కి మంచం పిల్లని నిద్రపోనీదు" అనేది.

ఎస్తేరమ్మ మరోసారి వచ్చింది. "ఎడమ పక్కే కదా పడుకునేది?"

"ఆ మేడం, ఎడమ పక్కే," అంది వజ్రమ్మ.

"ఒక్క రోజు కూడా తప్పలా," అంది తిరపతమ్మ.

"ఈ ఊళ్ళో నా మాట వినేది మీరే," అని మెచ్చుకుని ఎస్తేరమ్మ బస్సెక్కింది.

పిచ్చయ్య అప్పుడు ఇంట్లో లేడు. నర్సమ్మ మొదటిసారి చెప్పిన మాట విని, ఆ పూటే మంచాలల్లే పనికని కనిగిరి వైపు పోయి ఇరవై రోజులైంది. తిరిగొచ్చింది ఒక మంగళవారం పొద్దున. నల్లులు పట్టాయని ఆ రోజే తిరపతమ్మ నన్ను ఎండలోకి ఈడ్చి, పక్క బట్టలు తీసేసి ఉంచింది. పిచ్చయ్య నులక చుట్ట దించి, చెంబెడు నీళ్ళు తాగి, నా దగ్గరకొచ్చి ఆగిపోయాడు.

మంచాలల్లేవాడికి నులక మీద గుంట చూస్తే చాలు. మనిషి ఒత్తిగిలి పడుకుంటే భుజం దగ్గర ఒక గుంట, తుంటి దగ్గర ఒక గుంట పడతాయి. రెండూ ఇరుగ్గా, లోతుగా ఉంటాయి. వెల్లకిలా పడుకుంటే వీపంతా ఒకటే పళ్ళెం. పిచ్చయ్య చెయ్యి నా మీద చాపాడు గానీ ఆనించలేదు. గాలిలోనే ఆ పళ్ళెం కొలిచాడు.

"తిరపతమ్మా. నర్సమ్మ ఎడమ పక్క పడుకోమంది గదా పిల్లని?"

"పడుకుంటందిగా."

"యాడ పడుకుంటంది? ఎడమకి తిరిగిన మడిసి గుంటేనా ఇది?"

"తిరగడమేంది మామా? తిరగమని ఎవురన్నారు? ఎడమ పక్క అంది. ఎడమ పక్కే యేశా."

"పక్కంటే ఏందనుకున్నావు నువ్వు?"

"ఏందనుకుంటా, పక్కంటే మంచం." అని ఆ మాట తన చెవినపడ్డాక తిరపతమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

పిచ్చయ్య చూపు నా పట్టె మీదకి పోయింది. అక్కడ కర్ర ఒక బెత్తెడు మేర నున్నగా అరిగి, పేలిక ముక్క ఇంకా వేలాడుతోంది. "అమ్మా వజ్రమ్మా," అని పిలిచాడు. "ఇదేంది తల్లీ?"

వజ్రమ్మ గడపలో నిలబడింది. మణికట్టు కొంగులో దాచుకుంది. "తాతా... నిన్న పొద్దుగూకినకాణ్ణించి బిడ్డ కదల్లా."

"నాకు చెప్పలేదేమే!" అంది తిరపతమ్మ.

"నేను దొర్లానేమోనంటావని చెప్పలా అత్తా."

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. అంత భయమేసింది వాళ్ళకి. మాల్యాద్రి ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించాడు. నన్ను ట్రక్కులో వేశారు. వజ్రమ్మ నా మీద కూర్చుంది. పడుకోమంటే పడుకోలేదు, రెండు చేతులతో రెండు పట్టెలూ పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎస్తేరమ్మ ఉండే ఊరు మూడు మైళ్ళు. ప్రతి గుంటలోనూ తిరపతమ్మ "మెల్లిగారా" అంటుంది. ప్రతి "మెల్లిగా"కీ పిచ్చయ్య "బిరీన తోలరా" అంటాడు. మాల్యాద్రి ఎవరి మాట విన్నాడో నాకు తెలియదు. కోళ్ళు నాలుగూ ఎగిరి ఎగిరి పడ్డాయి. ఆ దారి పొడుగునా నేను వీపు గుండా వచ్చే ఆ చిన్న అదురు కోసం కాచుకున్నాను. రాలేదు.

ఎస్తేరమ్మ అన్నం ముద్ద నోట్లో ఉండగానే బయటికొచ్చింది. "దించొద్దు, టైం పోతుంది" అని తనే ట్రక్కెక్కింది. "పడుకో. ఎడమకి తిరుగు."

"లేచి కూర్చుని తిరగాల..." అని తిరపతమ్మ మొదలుపెట్టింది.

"కూర్చునే ఉందిగా అత్తా, ఇంకెక్కడ కూర్చోవాలి? తిరుగమ్మా."

వజ్రమ్మ తిరిగింది. ఇరవై రోజుల్లో మొదటిసారి ఆమె భుజమూ తుంటీ విడివిడిగా నా మీద ఆనాయి. వదులు తాళ్ళు కదా, నడుం దగ్గర దిగిపోయింది. పిచ్చయ్య తన తలగుడ్డ విప్పి, చుట్టచుట్టి, మొహం పక్కకి తిప్పుకుని ఇచ్చాడు. ఎస్తేరమ్మ దాన్ని పొట్ట కింద పెట్టింది. బిడ్డ గుండె వినే చెక్కగొట్టం ఆనించి చెవి పెట్టింది. చేతి గడియారం వైపు చూసింది. గొట్టం జరిపింది. మళ్ళీ చెవి పెట్టింది.

ఇంజను ఆపలేదని అప్పుడు గుర్తొచ్చి మాల్యాద్రి ఆపాడు. ఎస్తేరమ్మ గొట్టం తీసి మళ్ళీ ఆనించింది. ఇంకొంచెం కిందికి జరిపింది. ఆమె పెదాలు మెల్లిగా కదిలాయి. లెక్కపెడుతోంది.

"ఉంది," అంది. "కొట్టుకుంటోంది. బాగానే కొట్టుకుంటోంది."

తిరపతమ్మ ట్రక్కు గొలుసుని రెండు చేతులా పట్టుకుంది.

"అయినా ఊరుకోను. కదలిక తగ్గితే ఒక్క పూట కూడా ఆగకూడదు, తెలిసిందా? ఇప్పుడే పట్నం పోయి డాక్టరమ్మకి చూపించాలి. నేనూ వస్తా. ఇంతకీ నువ్వు ఎలా పడుకుంటున్నావ్?"

వజ్రమ్మ మణికట్టు చూపించింది. తిరపతమ్మ బస్తాల సంగతి, పట్టె వార సంగతి, వచ్చేటప్పటి ఎడమ సంగతి అన్నీ తనే చెప్పింది, ఒక్కటీ దాచుకోలేదు. ఎస్తేరమ్మకి నవ్వు రాబోయి ఆగింది. తల కొట్టుకుంది. "తప్పు నాదే. గడపలో నిలబడి చెప్పిపోయాను. వెల్లకిలా పడుకుంటే బిడ్డ బరువంతా వెనకున్న పెద్ద నరం మీద పడుతుంది, అందుకే నీకు కళ్ళు తిరిగింది. ఎడమకి ఒత్తిగిలి పడుకో. విసుగొస్తే కుడికి తిరుగు, కొంపేం మునగదు. నిద్రలో దొర్లితే దొర్లు. దానికీ పేగుకీ ఏ సంబంధం లేదు."

అప్పుడు పిచ్చయ్య అడిగాడు. "అమ్మా, మరి... తాడు బిగిస్తే?"

"ఏ తాడు?"

"మంచం తాడు. ఇంట్లో మంచం తాడు బిగిస్తే లోపల పేగు బిగుస్తదా?"

ఎస్తేరమ్మ ఆ ముసలాయన మొహం చూసింది, పక్కన తల వంచుకున్న తిరపతమ్మని చూసింది. "తాతా, నీ తాడు మంచానిది. పేగు బిడ్డది. రెండింటికీ చుట్టరికం లేదు. వదులు మంచంలో అసలు ఒత్తిగిలడమే కుదరదు. ముందు పోయి బిగించు."

ఆ మాటంటున్నప్పుడే వచ్చింది, వజ్రమ్మ నడుం గుండా నా తాళ్ళలోకి ఒక చిన్న అదురు. అందరికంటే ముందు నాకే తెలిసింది. తర్వాత వజ్రమ్మ "అత్తా!" అంది. అత్త చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది.

పట్నంలో డాక్టరమ్మ చూసి రెండు రోజులుంచుకుని పంపించింది. వాళ్ళు తిరిగొచ్చిన సాయంత్రం పిచ్చయ్య నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తాడు చేతిలోకి తీసుకుని వాకిలి వైపు చూశాడు. తిరపతమ్మ పొయ్యి దగ్గరుంది. లాగమనలేదు, వద్దనలేదు. పిచ్చయ్య లాగాడు. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది.

ఆ తర్వాత కూడా వజ్రమ్మకి నిద్ర ఒక్కరోజులో రాలేదు. భయం నర్సమ్మ మాటకి పోయేదైతే ఎప్పుడో పోయేది. ఎడమకి తిరిగి, మోకాళ్ళ మధ్య బొంత మడత పెట్టుకుని, పొట్ట కింద పాత చీర పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని ఉండేది. తొమ్మిదో నెల పడ్డ నాలుగో నాడు, మధ్యాహ్నం అన్నం తిన్నాక, పేలిక కట్టుకోకుండానే కన్ను మూతపడింది. గురక కూడా పెట్టింది. కాసేపటికి, లేచి కూర్చోకుండా, మొత్తంగా, ఎడమ నుంచి కుడికి దొర్లింది. నా తాళ్ళన్నీ కిర్రుమన్నాయి. గడప దగ్గర చింతపండు వలుస్తున్న తిరపతమ్మ సగం లేచి నిలబడింది. లేపుదామని చెయ్యి చాపింది. చెయ్యి అలాగే కొంతసేపు గాలిలో ఉంచింది. వెనక్కి తీసుకుంది. ఆ పూటంతా చింతపండు ముట్టలేదు, కోడలి పొట్ట మీదే చూపు.

నొప్పులు వచ్చిన రోజు అందరూ పట్నం పోయారు. నేనూ పిచ్చయ్యా ఇంటి దగ్గర మిగిలాం. ఆయన నన్ను వాకిట్లో వేశాడు గానీ నా మీద కూర్చోలేదు, నేల మీదే కూర్చున్నాడు. ఒక పగలూ ఒక రాత్రీ ఏ కబురూ రాలేదు.

మర్నాడు పొద్దెక్కాక ట్రాక్టరు వచ్చింది. తిరపతమ్మ ఒక్కతే దిగింది. పిచ్చయ్య కూర్చున్నచోటు నుంచే ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఆడపిల్ల మామా."

ఆయన అలాగే చూస్తున్నాడు. ఆమె మొహంలో ఇంకో మాట ఉందని ఆయనకి తెలుసు.

"మెడకి పేగు ఉందంట. ఒక చుట్టు."

పిచ్చయ్య చేతులు నేల మీద ఆనాయి. "నేను మళ్ళీ బిగించా గదమ్మా," అన్నాడు. "నేను బిగించబట్టే..."

"ఉండు మామా, యిను. డాక్టరమ్మ వేలు పెట్టి తలమీదుగా తీసేసిందంట, పూలదండ తీసినట్టు. ఇట్టా నలుగురిలో ఒకళ్ళకి ఉంటదమ్మా, దొర్లినా రాదు, దొర్లకపోయినా పోదు అంది. పిల్ల ఆస్పత్రంతా యినపడేట్టు ఏడుస్తంది. నీ తాడుదే తప్పయితే అంత గొంతు యాణ్ణించి వస్తది?"

తిరపతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "తాడు మాట అన్నకాణ్ణించి మూడేళ్ళు నీకు కూడు పెట్టా. నీ మొహం చూసి పెట్టలా," అంది.

పిచ్చయ్య తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మామ ఎదుట కోడలు మంచం మీద కూర్చోవడం ఆ ఇంట్లో లేదు. ఆ రోజు తిరపతమ్మ నా కాళ్ళవైపు కూర్చుంది. కూర్చుని, "నేల మీదేంది, పైకి రా," అని ఆయన మోచెయ్యి పట్టి లేపింది. పిచ్చయ్య తలవైపు కూర్చున్నాడు. పట్టె మీద కాదు, నులక మీదే. ఇద్దరి బరువుకీ నేను కొంచెం కూడా దిగలేదు.

"పొద్దున ఏమన్నా తిన్నావా?" ఆమె తల తిప్పి ఆయన మొహంలోకి చూసి అడిగింది.

"తినలా," అన్నాడు పిచ్చయ్య.